ఎంగిలి పడని ఇల్లు

నరసరావుపేట బరంపేటలో రషీదాను వెంటబెట్టుకుని ఎవరైనా ఇల్లు చూడటానికి బయల్దేరారంటే, ఆ ఇల్లు అమ్మేవాడికి చెడ్డరోజు వచ్చినట్టే. ఆమె గదులన్నీ తిరిగి చూసేది కూడా కాదు. గుమ్మంలో నిలబడి, "ఇది హాలా? వరండా అనుకున్నా," అనేది. వంటగదిలోకి తొంగిచూసి, "ఇందులో వండాలంటే మనిషి బయట నిలబడి చేతులు మాత్రం లోపల పెట్టాల," అనేది. అమ్మేవాడి మొహం మాడిపోయేది, బేరం దిగేది. చుట్టాలకు కావలసింది కూడా అదే. పని కాగానే ఆమెను ఆటో ఎక్కించి ఇంటికి పంపేవాళ్ళు. కొత్తింటి దావతుకు పిలిచేటప్పుడు మాత్రం కాస్త వెనకాడేవాళ్ళు, అక్కడ కూడా నోరు విప్పుతుందేమోనని.

రషీదా జాకెట్లు కుడుతుంది. ఆమె భర్త నూర్ మొహమ్మద్ వినుకొండ రోడ్డు షెడ్లలో లారీ గేరుబాక్సులు విప్పి బాగుచేసే మెకానిక్కు. ఒక్కతే కూతురు ఇరమ్, గుంటూరులో ఒక ఆసుపత్రిలో నర్సు. పెళ్ళయిన దగ్గర్నుంచీ రషీదా కాపురమంతా అద్దె ఇళ్ళలోనే సాగింది. ప్రతి ఇంట్లోనూ మొదటి వారమంతా ఆమె చేసిన పని ఒకటే. అంతకు ముందున్న వాళ్ళ మురికి గీకడం. గోడలకి ఎవరివో క్యాలెండర్ల మేకులు, పొయ్యి వెనక ఎవరిదో నూనె జిడ్డు, బాత్రూం తలుపు వెనక ఎవరో అంటించి వదిలేసిన బొట్టుబిళ్ళలు. ఆ గీకుడంతా ఆమె నోరు మూసుకుని చేసింది లేదు.

"ముప్పై ఏళ్ళ నుంచీ ఊరోళ్ళ ఎంగిలి కడుగుతా ఉన్నా. కొంటే కొత్తిల్లే కొంటా. ఎవురూ తినని కంచం, ఎవురూ పడుకోని గది. లేకపోతే ఈ అద్దెకొంపలోనే పోతా," అనేది.

నూర్ మొహమ్మద్ మనసు మాత్రం పాత ఇంటి మీద ఉండేది. అదే వీధి చివర మాబున్నీసా అనే ముసలామె ఇల్లు అమ్మకానికి వచ్చింది. మూరెడు మందం గోడలు, నేలంతా అరిగి నున్నబడ్డ నాపరాళ్ళు. మే నెలలో కూడా లోపలికి అడుగుపెడితే ఒళ్ళు చల్లబడేది. మసీదు దగ్గర, షెడ్డు దగ్గర, చాయ్ దుకాణం మరీ దగ్గర.

"ఆ గోడలు చూశావా? గడ్డపార దించినా దిగదు," అన్నాడతను.

"మేకు కూడా దిగదు. ఇంక బట్టలు నీ నెత్తిన తగిలిస్తా," అంది రషీదా. "మరుగుదొడ్డి పెరట్లో ఆ చివర ఉంది. నీ మోకాళ్ళకి అంత దూరం నడిచే ఓపికుందా? అయినా ఆ ఇల్లు ఎవురిదనుకున్నావు? ఆ ముసలామె ఒక్కదానిదా?"

ఆ విషయంలో ఆమె అన్నది నిజమే. కాయితాలు మాబున్నీసా మామగారి పేరు మీదే ఉన్నాయి, ఆయనేమో ఎప్పుడో పోయాడు. వాటాదార్లలో ఒకడు మాచర్లలో, ఒకడు హైదరాబాదులో ఉన్నారు. మరొకడు ఎక్కడున్నాడో ఆ అల్లాకే తెలియాలి. బ్యాంకులో లోను అడిగితే ఆ కాయితాలు తిప్పి చూడకుండానే వెనక్కి ఇచ్చారు. నూర్ మొహమ్మద్ ఆ ఇంటి ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచి, ఆ తర్వాత దాని మాట ఎత్తలేదు.

చివరికి వాళ్ళకు కొత్తిల్లు అమ్మినవాడి పేరు కోటేశ్వర్. అంతకుముందు పురుగుమందుల కొట్టు నడిపాడు. రైతులు ఆ మందులు కొట్టాక కూడా పురుగులు హాయిగా బతికాయని చెప్పుకునేవాళ్ళు. కొట్టు మూతపడ్డాక అతను బిల్డరయ్యాడు. ఈ మధ్య ఊళ్ళో ఏ పనీ కలిసిరాని వాళ్ళంతా చేరుతున్నది ఆ వృత్తిలోకే. దానికి చదువు అక్కర్లేదు. ఒక తెల్లచొక్కా, ఒక కారు, రెండు ఫోన్లు ఉంటే చాలు.

చిలకలూరిపేట రోడ్డు నుంచి లోపలికి, నల్లరేగడి చేలను చదును చేసి వేసిన లేఔటులో అతను ఒకే రకం ఇళ్ళు వరసగా కడుతున్నాడు. ఆ లేఔటుకి ఇంగ్లీషులో తోట అని అర్థం వచ్చే పేరుంది. అందులో ఉన్న చెట్లల్లా సర్కారు తుమ్మలు. ఇంటి ముందు వైపు మాత్రం కళ్ళు చెదిరేట్టుంది. దేన్నీ మొయ్యని నాలుగు స్తంభాలు, మూడు రంగులు, గేటు మీద బంగారు రంగు పూసిన నెమళ్ళు. పక్కకు తిరిగితే పూత కూడా సరిగ్గా లేని ఉత్త సిమెంటు గోడ. రోడ్డు మీద పోయేవాడు పక్క గోడ చూడడు కాబట్టి కోటేశ్వర్ కూడా దాని సంగతి పట్టించుకోలేదు.

"చూడక్కా, మనిషి కాలు పెట్టని ఇల్లు. ప్యాకింగు విప్పని ఫోను లాంటిదనుకో. నువ్వే విప్పాల," అన్నాడు కోటేశ్వర్.

ఊరందరి ఇళ్ళనూ ఏకిపారేసిన రషీదా ఆ మాటకి పడిపోయింది. లప్పం పెట్టి నున్న చేసిన గోడ మీద అరచేత్తో రాసి చూసింది. అద్దంలా ఉంది. కొళాయి తిప్పితే నీళ్ళొచ్చాయి. పొద్దున్నే ట్యాంకరు తెప్పించి పైన తొట్టి నింపించిన సంగతి ఆమెకు అప్పుడు తెలియదు. చిన్న గదిలో పైకప్పుకి పంకా కొక్కెం పక్కనే ఇంకో ఇనప కొక్కెం ఉంటే అదేందని అడిగింది.

"అది ఝూమర్, అదే గాజు దీపాల గుత్తి, తగిలించుకోవటానికక్కా. నీకని ఫ్రీగా పెట్టించా."

జాకెట్లు కుట్టుకునే ఆమెకు చిన్న గదిలో ఝూమర్ ఎందుకని ఎవరూ అడగలేదు. నూర్ మొహమ్మద్ మాత్రం వీధి గుమ్మం తలుపు తట్టి చూసి, "ఇది బరువుంది. మంచి చెక్క," అన్నాడు.

"కొత్త టేకు భాయ్," అన్నాడు కోటేశ్వర్, కళ్ళు కూడా ఆర్పకుండా.

కాయితాలు శుభ్రంగా ఉన్నాయి, లోను వచ్చింది. ఖురాన్ చదివించి, అందరికీ బిర్యానీ పెట్టి ఇంట్లో చేరారు. వచ్చిన చుట్టాలు గోడ గడియారాలు తెచ్చారు. ఆమె నోట ఇన్నాళ్ళూ మాటలు పడ్డవాళ్ళంతా ఆ రోజు ఇల్లంతా తీరిగ్గా తిరిగారు. వంక పెట్టడానికి ఏదీ దొరక్క నిరాశగా తినేసి వెళ్ళారు. రషీదా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ లేదు.

ఆ చలికాలమంతా ఆమె నేల తుడిచేది, తుడిచిన నేలే మళ్ళీ తుడిచేది. మొదటిసారిగా ఆమె ఎవరి మురికీ కడగడం లేదు. నూర్ మొహమ్మద్‌కు పడకగదిలోనే బాత్రూం ఉండటం నచ్చింది. ఆ సంగతి పైకి చెబితే ఓడిపోయినట్టవుతుందని చెప్పలేదు.

ఎండాకాలం రాగానే ఇల్లు తన గుణం చూపించడం మొదలుపెట్టింది. పల్నాటి ఎండను ఆపాలంటే మూరెడు మందం గోడలుండాలి. ఈ గోడలు దానికొక లెక్కా? మధ్యాహ్నం స్లాబు కింద కూర్చుంటే పెనం కింద కూర్చున్నట్టుండేది. బోరు ఎండింది. నల్లరేగడి బీటలు వారి, దానితోపాటు గోడలో కూడా ఒక బీట మూల నుంచి కిటికీ దాకా నడిచొచ్చింది. రషీదా కోటేశ్వర్‌కు ఫోన్ చేసింది.

"అది హెయిర్ క్రాకక్కా. వెంట్రుకంత. కొత్తింటికి ఉంటయి."

"ఏ జంతువు వెంట్రుకయ్యా అది? నా వేలు దూరుతా ఉంది."

అతను నవ్వి, మేస్త్రీని పంపుతానన్నాడు. మేస్త్రీ రాలేదు. తర్వాత ఫోను ఎత్తడం కూడా మానేశాడు. ఇరమ్ సెలవుకి వచ్చి రెండో రోజే ముఖమంతా పొక్కులతో, "అమ్మీ, మా ఆసుపత్రిలో వార్డు ఇంతకన్నా నయం," అని బస్సెక్కేసింది.

వానలు పడ్డాక లోపలి తలుపులన్నీ ఉబ్బాయి. బాత్రూం తలుపు పడదు, పడితే తెరుచుకోదు. నూర్ మొహమ్మద్ ఒకసారి లోపల ఇరుక్కుని గేరుబాక్సు విప్పే పానా అడిగాడు. వీధి తలుపు ఒక్కటే చెక్కుచెదరలేదు. దానికి కారణమేందా అని అతను పాలిష్ మీద వేలు రాసి చూస్తూ కూర్చున్నాడు. గడియ పక్కన రంపప్పొట్టు కూరి పూడ్చిన పాత గడియ బెజ్జాలు, పైన తోరణం మేకుల గుంటలు తగిలాయి. కోటేశ్వర్ చెప్పిన కొత్త టేకు ఏదో కూలగొట్టిన పాత ఇంటి తలుపు. ఆ ఇంట్లో పనికొచ్చే వస్తువంటూ ఉంటే అదొక్కటే. అదీ ఇంకొకళ్ళింటిది.

నూర్ మొహమ్మద్ ఆ రోజు చానా సేపు నవ్వాడు. రషీదా నవ్వలేదు.

ఆ మర్నాడు చిన్న గదిలో తడికి లప్పం పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపడింది. దాని వెనక గోడ మూల నేల నుంచి పైకప్పు దాకా నల్లటి మసి పారి ఉంది. పొయ్యి మసి. ఎన్నో నెలలు రోజూ పొయ్యి రాజేస్తే తప్ప అంత మసి పట్టదు. ముప్పై ఏళ్ళు గోడలు గీకిన మనిషికి అది ఏందో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఎదురుగా కోటేశ్వర్ కడుతున్న ఇంకో ఇంట్లో పున్నారావు, వెంకమ్మ కాపలా ఉంటున్నారు. ఈపూరు దగ్గరి ఊరి నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు. పగలు సిమెంటు మోస్తారు, గోడలు తడుపుతారు, ఇంకా తలుపులు కూడా లేని ఆ ఇంట్లోనే వండుకుని పడుకుంటారు. వెంకమ్మ చంకలో పిల్లతో మంచినీళ్ళకు వచ్చింది. రషీదా ఆమెను చిన్న గదిలోకి పిలిచి మసి చూపించింది.

"ఇది ఎవురి పొయ్యి?"

వెంకమ్మ గోడ చూసి సిగ్గుపడింది. "మాదే అక్కా. ఇల్లు కట్టినన్నాళ్ళూ ఇక్కడే గదా ఉన్నాం. బయట వండితే గాలికి మండదు. సున్నం కొట్టే ముందు గీకమని చెప్పినా. గీకకుండానే పూశారు." తర్వాత పైకి చూసి ఆమె ముఖం విప్పారింది. "మా ఉయ్యాల కొక్కెం ఇంకా ఉందే! ఈ పిల్ల ఈ గదిలోనే పుట్టిందక్కా. అంబులెన్సుకి ఫోన్ చేస్తే వానకి లేఔటులోకి రాలేకపోయింది. అది వచ్చేలోపల ఇదే వచ్చేసింది." చంకలో పిల్ల బుగ్గ గిల్లింది.

ఆ మాటలో దాచడం లేదు, భయం లేదు. ఉన్న ఊరి పేరు చెప్పినంత మామూలుగా చెప్పింది. రషీదా ఆమెకు బిందె నింపిచ్చి పంపేసి, వచ్చి మంచం మీద కూలబడింది.

సాయంత్రం నూర్ మొహమ్మద్ రాగానే అంతా చెప్పి, "మనిషి కాలు పెట్టని ఇల్లన్నాడు. ఇక్కడ పురుడే పోసుకున్నారు," అంది.

"కట్టినోళ్ళు కాలు పెట్టకుండా ఇల్లెట్టా లేచిద్ది?" అన్నాడతను, బూట్లు విప్పుకుంటూ. "గోడ తడిపినామె గోడ పక్కన పడుకుంది. దాంట్లో ఎంగిలేముంది?"

"నాకు నీతులు చెప్పబాక. ఆమెనేమన్నా అన్నానా నేను? ఉత్త నేల మీద బిడ్డను కన్నది. మన పెద్దమనిషి ఆ గదికి సున్నం కొట్టి, ఉయ్యాల కొక్కేన్ని ఝూమర్ కొక్కెమని అమ్మినాడు. అంబులెన్సు రాని రోడ్డును నలభై అడుగుల రోడ్డని చూపించినాడు. వాడి మాటకి నేను పడ్డా. నేను!"

అసలు మంట అదే. ఇల్లు మోసం చేసినందుకు కాదు. ఊరందరి ఇళ్ళలో లేని లోపాలు కూడా పట్టిన తను, అరచేత్తో గోడ నిమిరి మురిసిపోయినందుకు.

వారం తిరక్కుండా ఎదురింటికి బేరం వచ్చింది. మాచర్ల నుంచి జయపాల్, శిరీష అనే టీచర్లు, మొగుడూ పెళ్ళాం, బదిలీ మీద వస్తూ ఇల్లు వెతుక్కుంటున్నారు. కోటేశ్వర్ తెల్లచొక్కా వేసుకుని గేటు దగ్గర అందుకున్నాడు. వెంకమ్మ పొయ్యీ, బట్టల మూటా పొద్దున్నే డాబా మీదకు చేర్పించాడు.

"మనిషి కాలు పెట్టని ఇల్లండీ. ప్యాకింగు విప్పని ఫోను..."

"ఆ ఫోను సెకండ్ హ్యాండు," అన్న గొంతు అవతలి పక్కనుంచి వచ్చింది. రషీదా తన గేటు మీది నెమలి మెడ పట్టుకుని నిలబడి ఉంది. "టీచరమ్మా, దాని తోబుట్టువు ఇదిగో. పైసా ఖర్చు లేదు, లోపలికొచ్చి చూసిపోండి. తోసి తియ్యాల తలుపుల్ని, మొహమాటపడొద్దు."

"అక్కా, మనం తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు కోటేశ్వర్.

"నువ్వు ఫోనెత్తవు గదయ్యా, ఇంక ఎప్పుడు మాట్లాడేది? మీరు రండమ్మా."

వాళ్ళు వచ్చారు. రషీదా బీట చూపించింది, ఉబ్బిన తలుపులు చూపించింది, మసి చూపించింది. కోటేశ్వర్ వెనకాలే వచ్చి, "అన్నీ చిన్న చిన్నయి, కొత్తింటికి సహజమండీ," అంటున్నాడు. రషీదా కొక్కెం చూపించి, "ఇది ఝూమర్‌ది. ఫ్రీ," అంది. జయపాల్‌కు నవ్వాగలేదు.

వాళ్ళు ఆలోచించుకుని చెప్తామని వెళ్ళిపోగానే కోటేశ్వర్ మీదపడింది రషీదా మీద కాదు. డాబా మీదున్న వెంకమ్మను కిందికి పిలిచాడు. "తిండి పెట్టే ఇంటి గుట్టు బయటపెడతావటే? పొద్దుగూకేలోపల మూట సర్దుకో!"

వెంకమ్మ పిల్లను చంకనేసుకుని బిత్తరపోయి నిలబడింది. పున్నారావు తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ, "అయ్యా, అయ్యా," అంటున్నాడు. రషీదా రోడ్డు దాటింది.

"నోరు విప్పింది నేను. మసి కనపడేట్టు పూసింది నువ్వు. ఆ పిల్ల తల్లినంటావేంది? నీ లేఔటులో ఈ పాముల మధ్య ఇంకెవురు కాపలా ఉంటారయ్యా, మీ ఇంట్లోవాళ్ళను పంపుతావా?" అంది. "ఇయ్యాల నుంచి నా మిషను వరండాలో వేసుకుని కుడతా. ఈ రోడ్డున ఎవురొచ్చినా ముందు నాకే కనపడాల. వెంకమ్మ ఈడ్నే ఉంటది, మా తలుపులు బాగవుతయి. అప్పుడు నా మిషను లోపలికి పోద్ది."

కోటేశ్వర్ కారు తలుపు విసిరి వెళ్ళిపోయాడు. రషీదా అన్నట్టే కుట్టుమిషను వరండాలోకి లాగించింది. దానికోసం దేన్నీ మొయ్యని ఆ స్తంభాల్లో ఒకదానికి దీపం తగిలించాల్సొచ్చింది. అలా అవి మొదటిసారి ఒక పని చేశాయి. వచ్చిన బేరాలు వచ్చినట్టే ఆమె దగ్గర ఆగి, వెనక్కి తిరిగిపోవడం మొదలైంది. ఆ నెల దాటేలోపే మేస్త్రీలొచ్చారు. లప్పం గీకి గోడ మళ్ళీ పూశారు, బీట పూడ్చారు, లోపలి తలుపులు మార్చారు. పున్నారావును ఎవరూ కదిలించలేదు. కాపలాకి అంతకన్నా చవగ్గా ఇంకెవరూ దొరకరని కోటేశ్వర్‌కూ తెలుసు.

మేస్త్రీల పని ఇంకా సాగుతుండగానే శిరీష ఒకరోజు ఒంటరిగా వచ్చి వరండా మెట్టు మీద కూర్చుంది. "నిజం చెప్పండి ఆంటీ, కొనమంటారా వద్దా? ఊళ్ళో పాత ఇళ్ళు చూస్తే అన్నిటికీ ఏదో తగాదా ఉంది."

రషీదా మిషను ఆపింది. తిట్టడం వచ్చినంత సులువుగా ఆమెకు మెచ్చుకోవడం రాదు. గొంతు సవరించుకుంది. "కాయితాలు మాత్రం సాపు. నిద్రలో కూడా ఎవుడూ వచ్చి నా వాటా అనడు. ఇంట్లోనే బాత్రూం. ఇరమ్ అబ్బా, అదే మా ఆయన, ఈ ఏడాదిలో ఒక్కసారి కూడా మోకాళ్ళని తిట్టలా. వైర్లన్నీ గోడలోనే, షాకులు కొట్టవు. వెలుతురొచ్చిద్ది. వానకాలం దాటిందాకా ఆగు. ఒక వాన పడ్డాక చూడు, ఎండలో ఒకసారి చూడు. పొద్దున్నే రమ్మంటే పోబాక, పొద్దున్నే తొట్టి నింపుతాడు. పక్క గోడ చూడు. ముందు గోడ వాడికోసం, పక్క గోడ నీకోసం."

"అంటే కొనచ్చంటారు?"

"కొంటే నా ఎదురుగా ఉంటావు. నేను పొగిడి కొనిపించినట్టు రేపు నామీద పెట్టబాక."

శిరీష, జయపాల్ వానలు దాటిందాకా ఆగి, రేటు తగ్గించి మరీ కొన్నారు. వెంకమ్మ కుటుంబం కాపలాకి ఆ వరస చివరి ఇంట్లోకి మారింది. ఆ తర్వాత కోటేశ్వర్ ఈ లేఔటులో ఇంకో ఇల్లు మొదలుపెట్టలేదు. సత్తెనపల్లి రోడ్డులో ఇంకో చోట స్థలం తీసుకుని, అక్కడ అవే స్తంభాలు, అవే నెమళ్ళు నిలబెడుతున్నాడని తెలిసింది. అక్కడ కొనేవాళ్ళు కూడా గోడ నిమిరి మురుస్తూనే ఉన్నారట.

ఇక్కడ మిగిలిన ప్లాట్లలో ఎవరూ కట్టలేదు. తుమ్మలు మళ్ళీ మొలిచాయి. బట్టలు కుట్టించుకోవడానికి బరంపేట ఆడవాళ్ళు ఆటో పెట్టుకుని ఇంత దూరం రావడం తగ్గించారు. సాయంత్రాలు రోడ్డు మీద మేకలు తప్ప మనుషులుండరు.

"నీ నోటికి దడిసి ఎవుడూ ఇల్లు కట్టటంలా," అన్నాడు నూర్ మొహమ్మద్ ఒకరోజు.

"కట్టకపోతే మానె. అట్టాంటి ఇళ్ళ మధ్య ఉండేకన్నా మేకల మధ్య ఉండేది నయం," అంది రషీదా. అన్నదేగానీ, కాసేపటికి లేచి గేటు దగ్గరికి వెళ్ళి ఎదురింటి వైపు చూసింది. శిరీష బడి నుంచి ఇంకా రాలేదు.

ఆమె వచ్చేదాకా అక్కడే నిలబడి, రాగానే, "ఏందమ్మా, ఆ కర్టెన్లు? ఇల్లనుకున్నావా, పెళ్ళి పందిరనుకున్నావా?" అని మొదలుపెట్టింది.